ఒక్కో అనుమతీ రూల్ ప్రకారమే, మరి వరద మట్టం ఎందుకు పెరుగుతోంది?

నీటిలెక్క (చర్చ మొదలుపెట్టిన సభ్యుడు)

అందరికీ నమస్కారం. నదులు, వాగుల పక్కన కట్టే కట్టడాల వరద నివేదికలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ప్రతి నివేదిక చివరా దాదాపు ఒకే మాట ఉంటుంది: ఈ నిర్మాణం వల్ల వరద మట్టంలో చెప్పుకోదగ్గ పెరుగుదల ఉండదు. విడిగా చూస్తే అది నిజమే. గోదాముకు మట్టి పోస్తే ఒక సెంటీమీటరు, పక్క లేఅవుట్‌కి ఒకటిన్నర, రోడ్డు ఎత్తు పెంచితే రెండు. ఏ ఒక్కదాన్నీ ఆపడానికి రూలు ఒప్పుకోదు. కొన్నేళ్లకు అంతే వాన పడితే మాత్రం గడప దగ్గర ఆగాల్సిన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఫైళ్లు ఎన్నయినా నది ఒక్కటే కదా.

అమెరికా పద్ధతి తీసుకోండి. అక్కడ ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరదను ప్రమాణంగా పెట్టుకున్నారు. నది పక్కన వరద పరుచుకునే మైదానాన్ని రెండు వైపుల నుంచీ పూడ్చుకుంటూ వస్తే ఆ వరద మట్టం ఒక అడుగు పెరిగే దాకా ఎంత పూడ్చవచ్చో లెక్క కడతారు. మధ్యలో మిగిలిన పట్టీయే ‘ఫ్లడ్‌వే’. అందులో వరద మట్టాన్ని పెంచే ఏ పనీ చేయనివ్వరు. దాని బయట అంచులో షరతులతో మట్టి పోసుకోవచ్చు. అంటే ఆ ఒక అడుగు పెరుగుదలను మొదటి రోజే అందరికీ కలిపి మంజూరు చేసేసినట్టే. కొన్ని రాష్ట్రాలు ఆ అడుగును ఇంకా తగ్గించుకున్నాయి, అది వేరే సంగతి. కనీసం అక్కడ మొత్తానికి ఒక పరిమితి అంటూ ఉంది. చాలా దేశాల్లో అదీ లేదు. ఈ చిన్న పెరుగుదలలన్నీ కలిపి మొత్తం ఖాతా ఎవరు రాయాలి? ఎలా రాయాలి? ఈ రంగంలో ఉన్నవాళ్ల అభిప్రాయాలు కావాలి.

పాతసర్వేయర్

మంచి ప్రశ్న వేశారు. నేను దానికంటే ఒక మెట్టు ముందు నుంచి మొదలుపెడతాను. ‘పెరుగుదల లేదు’ అనడానికి పెరగక ముందు ఎంత ఉందో తెలియాలి కదా.

ఒకసారి ఒక దరఖాస్తుతో వచ్చిన లెవెల్స్, అంటే నేల ఎత్తు కొలతలు, చూస్తున్నాను. వాగు ఒడ్డున ఉన్న స్థలం. ఆ పక్క, ఈ పక్క పొలాలు పల్లంగా ఉన్నాయి, ఈ స్థలం మాత్రం రెండు మీటర్లు ఎత్తుగా, బల్లపరుపుగా ఉంది. సహజమైన నేల అలా ఉండదు. పాత ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే, ముందు ఏడాది దాకా అక్కడ తుంగ పెరిగి ఉంది, నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందే లారీలతో మట్టి తోలించి, రోలర్ తిప్పి, ఆ తర్వాత సర్వే చేయించి, దాన్నే ‘ప్రస్తుత నేల మట్టం’ అని చూపించారు. కంప్యూటర్ మోడల్‌లో ‘ముందు’, ‘తర్వాత’ రెండూ ఒకేలా వచ్చాయి. పెరుగుదల సున్నా. నివేదికలో లెక్కల తప్పు ఒక్కటీ లేదు.

రెండో కిటుకు గరుకుతనం అంకె. నీళ్ల దారిలో పొదలు, చెట్లు, కంచెలు ఎంత అడ్డు పడతాయో చెప్పే మానింగ్ గుణకం అది. పొదలతో నిండిన మైదానానికి 0.06 వేయాల్సిన చోట శుభ్రమైన కాలువకు వేసే 0.035 వేస్తే, వెడల్పాటి ప్రవాహంలో 3 మీటర్ల లోతు సుమారు 2.2 మీటర్లకు దిగిపోతుంది. కాగితం మీద ముప్పావు మీటరుకు పైగా వరద మాయమైపోతుంది. ఇన్‌పుట్ ఫైళ్లు తెరిచి చూసే తీరిక తనిఖీ అధికారికి ఉండాలి. చాలాచోట్ల నివేదిక పీడీఎఫ్ మాత్రమే అడుగుతారు, మోడల్ అడగరు. మోడల్ ఇవ్వని దరఖాస్తును అసలు తీసుకోకూడదు.

కట్టుబడి

నిర్మాణ రంగం నుంచి ఒక్క మాట చెప్పనివ్వండి. పాతసర్వేయర్ గారు చెప్పినవి జరుగుతాయి, కాదనను. కానీ నిజాయితీగా దరఖాస్తు పెట్టేవాడి గోడు కూడా వినాలి. నీటి శాఖ ఒక మాట, ప్రణాళికా విభాగం ఇంకో మాట, పర్యావరణ శాఖ మరో మాట. ఒకరు ‘నేల ఎత్తు పెంచండి’ అంటారు, ఇంకొకరు ‘పెంచితే పక్కవాడికి ముంపు’ అంటారు. ఈలోగా పక్క స్థలంలో ఏ అనుమతీ లేకుండా కట్టినవాడు గృహప్రవేశం కూడా చేసేసుకుంటాడు. రూలు పాటించేవాడికే అంత ఆలస్యమైతే రూలు మీద గౌరవం ఎలా నిలుస్తుంది? ఇళ్లు జనానికి అవసరం. వద్దు అనడం తేలిక. ఎక్కడ కట్టుకోవచ్చో ముందే చెప్పేవాళ్లు కావాలి.

చిత్తడి

కట్టుబడి గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంగ్లండ్‌లో ‘సీక్వెన్షియల్ టెస్ట్’ అని ఒకటుంది. ఈ స్థలంలో ఎలా కట్టాలి అన్నది దాంట్లో మొదటి ప్రశ్న కాదు. ఇదే కట్టడానికి ఇంతకంటే ముప్పు తక్కువ ఉన్న స్థలం దొరుకుతుందా లేదా అన్నది ముందు తేల్చాలి. దొరికితే ఇక్కడ అనుమతి రాకూడదు. అక్కడ నదీ వరదకు సంబంధించి ఏడాదికి 0.1 శాతం కంటే తక్కువ అవకాశం ఉన్న నేల జోన్ 1, 0.1 నుంచి 1 శాతం దాకా జోన్ 2, ఆ పైన జోన్ 3. నది తరచూ పొంగి నిలిచే నేలను 3బి అని విడదీసి, అక్కడ మామూలు ఇళ్లకు తావే లేదన్నారు. వాతావరణ మార్పు వల్ల పెరిగే ప్రవాహాన్ని కూడా లెక్కలో కలపాలి. అమలు అన్నిచోట్లా గట్టిగా ఉందని చెప్పను. ప్రశ్నల వరస మాత్రం సరైనది.

ఇక మ్యాపుల మీద గీతల సంగతి. జర్మనీలో 2021 జులైలో ఆర్ నది లోయ కొట్టుకుపోయింది. ఆ వరదల్లో దేశం మొత్తం మీద 180 మందికి పైగా చనిపోయారు. ఆ నదికి 1804లో, 1910లో కూడా భయంకరమైన వరదలు వచ్చాయి. అవి చరిత్రలో నమోదై ఉన్నాయి. కానీ ముప్పు మ్యాపులు గీసినప్పుడు నదిలో నీటి మట్టం కొలిచే గేజీ గత కొన్ని దశాబ్దాల్లో ఇచ్చిన కొలతలనే ఆధారంగా తీసుకున్నారు. గేజీ పుట్టకముందు వచ్చిన వరద లెక్కలోకి రాలేదు. నది ముఖద్వారం దగ్గర ఉన్న జిన్‌జిగ్ పట్టణంలో వికలాంగుల వసతి గృహంలో ఆ రాత్రి 12 మంది మునిగిపోయారు. వంతెనల కింద చెట్లు, కార్లు, కట్టెలు ఇరుక్కుని నీళ్లు ఎగదన్నాయి. వంతెన తూము ఖాళీగా ఉంటుందనుకుని కట్టిన లెక్క అక్కడ పనికిరాలేదు. తూము సగం మూసుకుపోతే ఏమవుతుందన్న పరీక్ష ప్రతి వంతెన అనుమతిలోనూ ఉండాలని నేను పట్టుబడతాను.

వాగుపక్క రైతు

పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. నాది చిన్న విషయం. నా పొలం పక్క కాలువ పూడిపోయింది. జమ్ము తీసి, రెండు పారల మట్టి ఎత్తిపోస్తే నీళ్లు పోతాయి. దానికి కూడా పర్మిషన్ అంటున్నారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కీ నా పారకీ ఒకటే రూలా? పూడిక తీయనివ్వకపోతే వరద రాక ఏం చేస్తుంది?

నీటిలెక్క

రైతు గారూ, మీ ప్రశ్న చిన్నది కాదు. పారకీ అపార్ట్‌మెంట్‌కీ ఒకే రూలు ఉండకూడదు. ఇంగ్లండ్‌లో 2016 నుంచి నది పక్క పనులను పర్యావరణ అనుమతుల చట్రంలోకి తెచ్చారు. ప్రధాన నదికి గాని, వరద కట్టకు గాని 8 మీటర్ల లోపు చేసే పనికి, ఆటుపోట్లు తగిలే నది అయితే 16 మీటర్ల లోపు పనికి అనుమతి కావాలి. అయితే పనిని బట్టి మెట్లు పెట్టారు. కొన్నిటికి ఏమీ అక్కర్లేదు. కొన్నిటికి పేరు నమోదు చేసుకుని షరతులు పాటిస్తే చాలు. కొన్నిటికి ముందే రాసిపెట్టిన ప్రామాణిక షరతుల అనుమతి. పెద్ద పనులకే ప్రత్యేక పరిశీలన. చిన్న పనులను ఇలా వదిలిస్తేనే తనిఖీ అధికారికి పెద్ద ఫైలు తెరిచే తీరిక దొరుకుతుంది. పాతసర్వేయర్ గారు అడిగిన తీరిక అక్కడి నుంచే రావాలి.

చిత్తడి

పూడిక గురించి ఒక్కటి చేర్చాలి. ఇంగ్లండ్‌లోనే సోమర్సెట్ లెవెల్స్ అనే పల్లపు ప్రాంతంలో 2013–14 చలికాలంలో పొలాలు వారాల తరబడి నీళ్లలో ఉన్నాయి. రైతులంతా పూడిక తీయలేదని మండిపడ్డారు, ఆ తర్వాత 2014లో పారెట్, టోన్ నదుల్లో 8 కిలోమీటర్ల మేర తీశారు. బల్లపరుపు నేలలో, నీటిని పంపులతో తోడే చోట పూడిక తీయడం వల్ల నిలవ నీళ్లు త్వరగా దిగుతాయి. నిటారుగా దిగే వాగులో అదే పని చేస్తే ఎగువన మీకు ఊరట, దిగువ ఊరికి ముందుకంటే తొందరగా, ముందుకంటే ఎత్తుగా వరద. రైతు గారు తన హద్దులో తవ్వుకుంటే ఇబ్బంది లేదు. పది కిలోమీటర్ల పొడవునా అందరూ తవ్వితే అది మళ్లీ నీటిలెక్క గారి మొదటి ప్రశ్నే అవుతుంది.

కొత్తసభ్యురాలు

నమస్తే అండి, చదువుతూ ఉన్నాను, ఇదే మొదటి పోస్టు. నదికి కట్ట కట్టిన చోట, కట్ట వెనక స్థలం చూశాం. ‘100 ఏళ్ల వరదకు కూడా ఢోకా లేదు, అన్ని అనుమతులూ ఉన్నాయి’ అంటున్నారు. నమ్మవచ్చా?

గట్టుకాపు

అమ్మా, ముందు అంకె చూడండి. 100 ఏళ్ల వరద అంటే ఏడాదికి 1 శాతం అవకాశం ఉన్న వరద. అది, మీరు ఆ ఇంట్లో 30 ఏళ్లు ఉంటే, ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. అంటే నాలుగింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువే. మీ జీవితకాలంలో రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండోది కట్ట. కట్ట చిన్న వరదలను ఆపుతుంది, పెద్ద వరదను ఆపలేదు. చిన్నవి ఆగిపోయేసరికి జనానికి ధైర్యం వచ్చి వెనక ఇళ్లు పెరుగుతాయి. తెగిన రోజు నష్టం కట్ట లేనప్పటికంటే ఎక్కువ. పైగా తెగినప్పుడు నీళ్లు మెల్లగా ఎక్కవు, ఉరికి వస్తాయి. అందుకని కట్ట తెగితే మీ స్థలంలో ఎంత లోతు, ఎంత సేపట్లో వస్తుందో చూపే మ్యాపు ఉందా అని అడగండి. పై అంతస్తుకు ఎక్కే దారి లోపలి నుంచి ఉండాలి. ఒక్క అంతస్తు ఇల్లయితే నేను కొననివ్వను.

కట్టల దేశం నెదర్లాండ్స్ కూడా దారి మార్చుకుంది. 1953లో సముద్రం పొంగి అక్కడ 1,836 మంది చనిపోయాక దశాబ్దాల పాటు కట్టలు, గేట్లు కట్టారు. ఆ తర్వాత 1993లో, 1995లో నదులు పొంగాయి. 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. కట్టలు ఇంకా ఎత్తు చేసుకుంటూ పోతే తెగినప్పుడు ప్రమాదం ఇంకా పెరుగుతుందని, ముప్పైకి పైగా చోట్ల నదికే చోటు వదిలే పని పెట్టుకున్నారు. నైమేఖన్ నగరం ఎదుట కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన ఇంకో పాయ తవ్వారు. దాని కోసం 50 దాకా ఇళ్లు తీసేయాల్సి వచ్చింది. వరద మట్టం అక్కడ సుమారు 35 సెంటీమీటర్లు తగ్గింది. సెంటీమీటర్లు పెరగడం గురించే కాదు, తగ్గించడం గురించి కూడా ఖాతా రాయవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

న్యాయపక్షం

అనుమతి ఇచ్చినవాళ్ల బాధ్యత గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో కీలకం అదే.

ఫ్రాన్స్‌లో 2010 ఫిబ్రవరిలో జింథియా తుపాను వచ్చింది. లా ఫోట్ సుర్ మేర్ అనే చిన్న ఊళ్లో సముద్రపు గట్టు మీదుగా రాత్రి నీళ్లు వచ్చి 29 మంది చనిపోయారు. ఎక్కువగా ఒంటి అంతస్తు ఇళ్లు, అవీ గట్టు వెనక పల్లంలో అనుమతితో కట్టినవి. ముప్పు గురించి హెచ్చరికలు ఉన్నా జనానికి చెప్పలేదని, కట్టనిచ్చారని కేసు నడిచింది. 2014లో ఆ ఊరి మేయరుకు నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. అప్పీలులో 2016లో దాన్ని రెండేళ్ల సస్పెండెడ్ (వెంటనే జైలుకు వెళ్లక్కర్లేని) శిక్షగా తగ్గించారు. అంతకంటే ముఖ్యం, ప్రాణాపాయం ఉన్న నేలగా గుర్తించిన చోట ఇళ్లను ప్రభుత్వం కొని పడగొట్టింది. అనుమతి కాగితం మీద సంతకం పెడితే పని అయిపోయినట్టు కాదని ఆ కేసు తర్వాత అందరికీ అర్థమైంది.

మన దేశంలో సంగతి ఇంకోలా ఉంది. వరద మైదానాల జోనింగ్ కోసం కేంద్రం 1975లోనే నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో చట్టాలు చేసుకున్నాయి. చాలా రాష్ట్రాలు ముందుకు రాలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో భవనాలకు 20,000 చదరపు మీటర్ల గీత ఉంది. ఆ పైన ఉన్నవాటికి ముందస్తు అనుమతి కావాలి, కానీ భవన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. గీతకు కాస్త కింద ఉన్న పది ప్రాజెక్టులు ఒకే వాగు ఒడ్డున వస్తే వాటికి ఆ అంచనా పరిధే వర్తించదు. కట్టేశాక అనుమతి ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2025 మేలో ఒక తీర్పు ఇచ్చి, అదే ఏడాది నవంబరులో 2–1 మెజారిటీతో దాన్ని వెనక్కి తీసుకుంది. నీళ్ల విషయంలో మాత్రం తర్వాత అనుమతి అన్నది నాకు మింగుడుపడదు. పోసిన మట్టిని తవ్వి తీయించిన సందర్భాలు ఎన్ని చూశాం?

కట్టుబడి

న్యాయపక్షం గారూ, బాధ్యత ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ జైలు భయం పెడితే అధికారి చేసే మొదటి పని ఏ ఫైలూ కదపకపోవడం. దానికంటే నీటిలెక్క గారు అడిగిన ఖాతాను బహిరంగం చేయండి. ఈ వాగుకు, ఈ మేరలో ఇంత పెరుగుదలే తట్టుకోగలదు, ఇప్పటికి ఇంత వాడేశారు, ఇంత మిగిలింది అని ఆన్‌లైన్‌లో పెట్టండి. స్థలం కొనేముందే చూసుకుంటాం. మిగిలింది సున్నా అయితే బ్యాంకు కూడా అప్పు ఇవ్వదు, తగాదా అక్కడితో తీరిపోతుంది.

నీటిలెక్క

ఇది నాకు బాగా నచ్చింది. ఒక్క షరతు చేరుస్తాను. మట్టి పోసి ఎంత నీటి చోటు తీసుకున్నారో, అంత చోటు అదే వాగు మేరలో, అదే ఎత్తులో తవ్వి ఇవ్వాలి. ఎత్తు ముఖ్యం. పై మట్టంలో చోటు తీసుకుని కింద గొయ్యి తవ్వి ఇస్తే, వరద ఎక్కే మొదటి గంటలోనే ఆ గొయ్యి నిండిపోతుంది. ఉద్ధృతి పెరిగే వేళకు చోటు ఉండదు. ఘనమీటర్లు కాగితం మీద సరిపోతాయి, నీటికి సరిపోవు. అందుకే ప్రతి 20 సెంటీమీటర్ల ఎత్తుకూ విడిగా పోసినది, తవ్వినది పట్టిక వేయమని మేం అడుగుతాం.

ఒడ్డుజనం

ఇదంతా కొత్తగా కట్టేవాళ్ల గురించి. ఇప్పటికే ఒడ్డున ఉన్నవాళ్ల మాటేమిటి? నేను వాళ్లతోనే పనిచేస్తాను. వాళ్లు అక్కడికి సరదాగా రాలేదు. వేరేచోట నేల వాళ్లకు అందలేదు. ముప్పు మ్యాపు బయటికి రాగానే మొదటి నోటీసు వాళ్లకే వెళ్తుంది, మట్టి పోసి కట్టిన పెద్ద గోడకు చివరన వెళ్తుంది. పనికి దగ్గరలో, బడికి దగ్గరలో ఇల్లు చూపించి, వాళ్లు ఒప్పుకున్నాక కదిలించండి. ఊరి చివర ఎక్కడో పడేస్తే కొన్ని నెలలకే తిరిగి అదే ఒడ్డుకు వస్తారు. ఖాతాలో వాళ్ల ఇళ్లను ఆక్రమణల కింద రాసి ఊరుకుంటే న్యాయం కాదు.

పాతసర్వేయర్

ఒడ్డుజనం గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. హద్దు రాళ్లు పాతేటప్పుడు ఏ వైపు ముందు పాతుతారో నేను కళ్లారా చూశాను. రెండు ఒడ్లకూ ఒకే రోజు పాతాలి.

వాగుపక్క రైతు

ఖాతా అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. వరదొస్తే నా పొలంలో రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి. అవి నా దగ్గర నిలిచినంత సేపు కింది ఊరు మునగదు. పంట పోయేది నాది. ఆ నీళ్లు ఎవరి ఖాతాలో రాస్తారు? నేను కూడా మట్టి పోసుకుంటే ఎవరు ఆపుతారు?

న్యాయపక్షం

రైతు గారూ, మీ పొలాన్ని నీటి నిల్వకు వాడుకుంటే ఆ హక్కును మీ దగ్గర కొనాలి. కొనకపోతే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్‌లో తేలింది. అక్కడ 1940లలో ఆడిక్స్, బార్కర్ అని రెండు వరద జలాశయాలు కట్టారు. పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ప్రభుత్వానికి తెలుసు, కానీ ఆ నేల మొత్తాన్నీ కొనలేదు. కొనకుండా వదిలిన అంచుల్లో కాలనీలు లేచాయి, అన్నీ అనుమతులతోనే. 2017లో హార్వీ తుపానుకు జలాశయాలు నిండి ఆ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ప్రైవేటు ఆస్తిలో నీళ్లు నిల్వచేసే హక్కును ప్రభుత్వం పరిహారం లేకుండా తీసుకున్నట్టేనని 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు తేల్చింది.

నెదర్లాండ్స్‌లో ఓవర్‌డీప్ పొల్డర్ (చుట్టూ కట్టలు కట్టి సాగులోకి తెచ్చిన పల్లపు నేల) రైతులు దీన్ని ముందుగానే తేల్చుకున్నారు. తమ పొలాల్లోకి నదిని రానివ్వడానికి ఒప్పుకుని, కొందరు వేరేచోటికి వెళ్లారు, మిగిలినవాళ్లు ప్రభుత్వం పోసిన ఎత్తైన దిబ్బల మీద ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకున్నారు. ఆ దిబ్బల ఆలోచన రైతుల దగ్గర నుంచే వచ్చింది. మీ వాగు వెంట ఇంకా ఎంతమంది పొలాల్లో ఇలా నీళ్లు నిలుస్తున్నాయో ముందు ఒక జాబితా రాయించండి. సర్వే నంబరు, నిలిచిన లోతు, ఎన్ని రోజులు, ఏ పంట. ఎండిన గడ్డి గీత చెట్టు మొదలు మీద కనబడుతుంది, ఫొటో తీసేటప్పుడు పక్కన టేపు పెట్టి తీయండి. ఆ జాబితా చేతికొస్తే హక్కు కొనాలన్న విన్నపాన్ని నేను రాసిస్తాను.